గాజులవారి సందుకు తృప్తి లెక్క

గుండ్లవాగు పట్టణంలో జనం మంచినీళ్ళ విషయంలో తృప్తిగా ఉన్నారన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. జనానికైతే అసలే తెలియదు. ఒక సర్వే కంపెనీ వాళ్ళు ఫోన్లు చేసి అడిగాకనే బయటపడింది. వాళ్ళు ఫోన్లు చేసింది పొద్దున్న ఆరున్నరకి, అంటే సరిగ్గా కుళాయిలు వదిలే వేళకి. బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు ఫోన్ ఎత్తలేదు. నిలబడే అవసరం లేనివాళ్ళు తీరిగ్గా ఎత్తి తీరిగ్గా మాట్లాడారు. నూటికి డెబ్బై మంది తృప్తిగా ఉన్నారని తేలింది. తక్కిన ముప్ఫై మందికి ఏం లోటని కంపెనీ వాళ్ళు అడగలేదు. ఆ ప్రశ్నకి రేటు వేరట.

కమిషనర్ ప్రభంజనరావు గారు ఆ నివేదికకి అద్దం బిగించి తన కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నారు. అంతటితో ఊరుకుని ఉంటే ఎవరికీ ఏ బాధా లేకపోను. కానీ ఆయన అప్పుడే ఒక చల్లటి కొండ మీద వారం రోజుల శిక్షణ పొంది దిగివచ్చారు. అక్కడ ఎవరో ఆయన చెవిలో 'సాక్ష్యాధారిత పాలన' అన్న మాట వేశారు. ఆ మాట లోపలికి పోయి మరి బయటికి రాలేదు.

"ఇంతకాలం మనం అర్జీదారుడు చెప్పింది విని అర్జీని నమ్ముతూ వచ్చాం" అన్నారాయన సిబ్బంది సమావేశంలో. "ఇది పూర్తిగా అశాస్త్రీయం. నూటికి డెబ్బై మంది తృప్తి చెందియున్న పట్టణంలో ఒక అర్జీ ఉద్భవించుటకు ఎంతమాత్రం అవకాశమున్నదో ముందుగా నిర్ధారించవలెను. అవకాశమున్న అర్జీ వాస్తవం. లేనిది అవాస్తవం."

"చిత్తం" అన్నాడు సూపరింటెండెంట్ చెంచయ్య. ముప్ఫై ఏళ్ళుగా అర్జీలు పుచ్చుకుంటున్న మనిషి. ఏ కమిషనర్ ఏమన్నా ముందు చిత్తం అనేసి, ఆ తర్వాత సందేహం అడగడం ఆయన పద్ధతి. "ఆ అవకాశం అనేది ఎవరు తేలుస్తారండీ?"

అలా కోదండపాణి రంగంలోకి దిగాడు.

కారుమంచి కోదండపాణి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి సంభావ్యత చెబుతున్నాడు. 'ఒక పట్టణంలో నూటికి డెబ్బై మంది ఒక అభ్యర్థిని ఇష్టపడుతున్నారని సర్వేలో తేలింది. యాదృచ్ఛికంగా పదిమందిని ఎంచుకుంటే, వారిలో ఎనిమిది మంది అతన్ని ఇష్టపడే సంభావ్యత ఎంత?' అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి సగం క్లాసు నిద్రలోనూ సగం క్లాసు కిటికీలోనూ ఉండేది. ద్విపద సూత్రాన్ని ఆయన చక్కగా రాగం తీసి చెప్పేవాడు. ఎన్ సి ఆర్, పి పవర్ ఆర్, క్యూ పవర్ ఎన్ మైనస్ ఆర్. ఎవరి చెవికీ ఎక్కేది కాదు. ఇది ఇంపార్టెంటా సార్ అని అడిగినవాళ్ళున్నారు గాని, ఇది దేనికి సార్ అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబూ లేదనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషిని ఉన్నపళంగా మున్సిపాలిటీకి డిప్యుటేషన్ మీద పిలిచి, 'సంభావ్యతాధికారి' అని పేరు పెట్టి, తలుపు మీద బోర్డు కట్టి, తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? బల్ల మీద గంట ఉంది. కొట్టి చూశాడు. ఎవరో నిజంగానే వచ్చి ఏం కావాలండీ అన్నారు. కోదండపాణి ప్రేమించిన శాస్త్రం ఒకరికి అక్కరకొచ్చింది. ఆ మాట ఇంటికెళ్ళి భార్య సత్యవేణికి చెబుతుంటే కళ్ళు చెమర్చాయి కూడా.

"పోన్లెండి, ఇన్నాళ్ళకి" అందావిడ. ఆవిడ కూడా నిజంగానే సంతోషించింది.

మొదటి రోజునే కమిషనర్ గారు విధివిధానాలు ఖరారు చేశారు.

"ఎంత తక్కువ అవకాశమైతే మనం నమ్మరాదు, కోదండపాణి గారూ?"

"పుస్తకాల్లో సాధారణంగా నూటికి అయిదు అంటారండి. అయిదుకన్నా తక్కువైతే అనుమానించాలని."

"అనుమానం పరిపాలనకు పనికిరాదు. నూటికి అయిదుకన్నా తక్కువ అవకాశమున్నది ఏదైననూ ఈ మున్సిపాలిటీ పరిధిలో జరిగినట్లు పరిగణింపబడదు. రాసుకోండి చెంచయ్యా."

"చిత్తం."

ఆ సోమవారం అర్జీల రోజు. బడివీధి నుంచి ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చారు. నీళ్ళు రావడం లేదని ఇరవై మందీ సంతకాలు చేశారు. కోదండపాణి సూత్రం వేశాడు. దశాంశ బిందువు తర్వాత సున్నాలు పెడుతూ పోతే మొదటి అంకె వచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. ఇరవైకి ఇరవై ఇళ్ళూ తృప్తి లేకుండా ఉండటం అనేది ఈ సృష్టిలో జరిగే పని కాదని తేలింది. అర్జీ కొట్టేశారు. వాళ్ళ వెనకే గురవయ్య వచ్చాడు. పూర్వం స్టాంపులు అమ్మేవాడు, ఇప్పుడు తోచక వారం వారం అర్జీ పెడుతుంటాడు. ఈసారి తన ఇంటి కుళాయిలో నీళ్ళు మరీ జోరుగా వచ్చి పంచె తడుస్తోందని రాశాడు. ఒక్క మనిషి, ఒక్క సంతకం. ఒక్క మనిషికి తృప్తి లేకపోవడానికి నూటికి ముప్ఫై అవకాశం ఉంది. నిక్షేపంలా నమ్మదగిన అర్జీ. నమ్మిన అర్జీకి ట్యాంకరు పంపాలని రూలు గనక గురవయ్య ఇంటికి ట్యాంకరు పంపారు.

ఊళ్ళో జనం ముక్కున వేలేసుకున్నారు. ఎంత ఎక్కువమంది మొరపెట్టుకుంటే అంత తక్కువ నమ్ముతారన్నది వాళ్ళకి మెల్లిగా బోధపడింది. అర్జీలు సగానికి సగం పడిపోయాయి. అర్జీలు తగ్గాయి కాబట్టి తృప్తి పెరిగిందని కమిషనర్ గారు పైకి రాశారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇంతలో గాజులవారి సందులో పైపు పగిలింది.

గాజులవారి సందు అంటే కోదండపాణి ఉండే సందే. పదిళ్ళు, పదింటికీ కలిపి నేలలో ఒకటే పైపు. సందు మొదట్లో కల్వర్టు పని చేస్తూ రోడ్డు రోలరుని దాని మీదుగా పోనిచ్చారు. అంతే, ఆ పూట నుంచి పదిళ్ళలో ఏ ఒక్క కుళాయిలోనూ చుక్క రాలేదు. ఆడవాళ్ళు రెండు వీధుల అవతల ఉన్న చేతి బోరింగుకి బిందెలు మోసుకెళ్ళడం మొదలుపెట్టారు. సత్యవేణికి అసలే నడుం నొప్పి. పక్కింటి మస్తాన్‌బీ, బట్టలు కుట్టే మనిషి, సందులో అందరికీ పెద్దదిక్కు, ఇల్లిల్లూ తిరిగి పది సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చొచ్చింది.

చెంచయ్య ఆ అర్జీని తెచ్చి కోదండపాణి బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"మీ సందే సార్" అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

కోదండపాణి చూశాడు. మూడో సంతకం భార్యది. పొద్దున్న ఆ చేత్తోనే కాఫీ ఇచ్చింది. ఆ కాఫీకి నీళ్ళు బోరింగు నుంచి తెచ్చిందన్నది ఆయనకి బాగా తెలుసు. అయినా సూత్రం వెయ్యక తప్పదు. సున్నా పాయింట్ మూడు, పవర్ పది. పది లక్షల్లో ఆరు. రెండోసారి వేశాడు. లెక్క తప్పు పోతే బావుండునని ఆయన జన్మలో మొదటిసారి కోరుకున్నాడు. పోలేదు. కాగితం పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఇది మా సందండి. నిజంగానే నీళ్ళు రావడం లేదండి. మా ఇంట్లోనూ రావడం లేదు."

ప్రభంజనరావు గారు జాలిగా చూశారు. "అది మీ అనుభవం, కోదండపాణి గారూ. అనుభవం వ్యక్తిగతం. గణాంకం సార్వజనీనం. లెక్క ఏమన్నది?"

"పది లక్షల్లో ఆరండి."

"మన ఊరి జనాభాయే డెబ్బై వేలు. మీరు చెప్పే సంఘటన సంభవించవలెనన్న ఇటువంటి ఊళ్ళు ఇంకా చాలా కావలెను. తిరస్కరించండి. స్వంత సందు అయియుండియూ పక్షపాతం చూపలేదని మీ సర్వీసు రిజిస్టరులో నేను ప్రత్యేకంగా రాయిస్తాను."

కోదండపాణి బల్ల దగ్గరికి వచ్చి తిరస్కరించాడు. సిగ్గేసింది. రిజిస్టరు మాట తలచుకుంటే కొంచెం సంతోషమూ వేసింది. దాచడం ఎందుకు, ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సత్యవేణి నిండు బిందెతో గుమ్మంలోకి అడుగుపెడుతోంది.

"ఏమన్నారండీ మీ ఆఫీసులో?"

"పది లక్షల్లో ఆరు" అన్నాడు చెప్పులు విప్పుతూ.

"ఏంటి ఆరు?"

"మన సందులో నీళ్ళు రాకుండా పోయే అవకాశం. అంటే దాదాపు లేనట్టే."

ఆవిడ బిందె దింపి, నడుం పట్టుకుని నిలబడి, మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "మరి నేను మోసుకొచ్చిందేంటండీ ఇది?"

ఆయన విప్పిన చెప్పుల్ని గోడవారగా సర్దాడు.

"మా అక్క ఒంగోలు రమ్మంటోంది" అందావిడ. "అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయట. ఆదివారం దాకా చూస్తా. ఆ పైన నా వల్ల కాదు. మీరూ మీ పది లక్షలూ ఇక్కడుండండి." అరవలేదు, ఏడవలేదు. పప్పులో ఉప్పెంత వెయ్యాలో చెబుతున్నట్టు చెప్పింది. కోదండపాణికి అందుకే భయం వేసింది. ఆవిడ అరిచి చెప్పిన మాటలు వెనక్కి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి గాని ఇలా మెల్లిగా చెప్పినవి ఎప్పుడూ తీసుకోలేదు.

ఈలోగా మస్తాన్‌బీ వచ్చింది. సంగతి విని కాసేపు ఆలోచించింది.

"సారూ, మాకా లెక్కలు తెలవవు. ఎంతమందిమొస్తే నమ్ముతారో అదొక్కటి చెప్పండి. అంతమందిమే వస్తాం."

ఇది మాత్రం మంచి ప్రశ్నే. కోదండపాణి ఉత్సాహంగా కూర్చుని వేశాడు. పదిమందిలో ఆరుగురో అంతకంటే ఎక్కువమందో తృప్తి లేనివాళ్ళుంటే నూటికి నాలుగున్నర పైచిలుకు. కాస్తలో పోయింది. అయిదుగురంటే పదిహేను. హాయిగా నమ్ముతారు.

"అయిదుగురు" అన్నాడు.

"మరి కడమ అయిదుగురు?"

"వాళ్ళు తృప్తిగా ఉన్నట్టు లెక్క."

మస్తాన్‌బీ అరుగు మీద సందంతా సమావేశమైంది. తృప్తిగా ఎవరుంటారన్నది తేలదే. ఎవరికి వారే మా ఇంట్లో తృప్తి లేదంటే మా ఇంట్లో లేదన్నారు. "నీళ్ళొచ్చే రోజుల్లోనే నేను తృప్తి పడ్డదాన్ని కాదు, ఇప్పుడెట్టా పడతా?" అంది మస్తాన్‌బీ. చివరికి కుడిపక్క అయిదిళ్ళు తృప్తి, ఎడమపక్క అయిదిళ్ళు అతృప్తి అని పంచుకున్నారు. కోదండపాణి ఇల్లు కుడిపక్కది. ఆఫీసరు గారి ఇల్లు తృప్తి పడకపోతే ఇంకెవరు పడతారని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. సత్యవేణి మొగుడి వంక చూసిన చూపుని ఇక్కడ వర్ణించకపోవడమే మంచిది.

అయిదు సంతకాల అర్జీని మర్నాడే నమ్మారు. పైపు బాగుచెయ్యలేదు. పైపు పదిళ్ళది కదా, బాగుచేస్తే తృప్తిగా ఉన్న అయిదిళ్ళకి ప్రజాధనం అనవసరంగా ఖర్చుపెట్టినట్టు అవుతుందన్నారు. ఎడమపక్క అయిదిళ్ళకి ట్యాంకరు పంపారు. చెంచయ్య స్వయంగా గొట్టం దగ్గర నిలబడ్డాడు. సత్యవేణి ఖాళీ బిందెతో వచ్చింది.

"అమ్మా, తమరు తృప్తిగా ఉన్నారు. కాస్త పక్కకి జరగండి" అన్నాడు, పాపం ఎంతో మర్యాదగా.

మస్తాన్‌బీ తన బిందె నింపుకుంది. ట్యాంకరు సందు మలుపు తిరగ్గానే సగం సత్యవేణి బిందెలో పోసింది. సందంతా అలాగే చేసింది. మూడు రోజులు ఎలాగో గడిచాయి. నాలుగోనాడు ఎవరో ఈ సంగతి ఆఫీసులో ఊదారు.

కోదండపాణి ఇదే అదనని కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు. నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఒకటుంది. నిజానికి మొదటి రోజే చెప్పాల్సిన మాట. కుర్చీ మీది తువ్వాలు అడ్డమొచ్చింది.

"సార్, ఈ సూత్రానికి ఒక షరతు ఉందండి. ఒకరి సంగతి ఇంకొకరి సంగతి మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడితే సూత్రం వెయ్యకూడదండి. మా సందులో ఇళ్ళు అలా విడివిడిగా లేవు."

కమిషనర్ గారి ముఖం గంభీరమైంది. "ముందే చెప్పాల్సింది. ఒకరిపై ఒకరు ఆధారపడుచున్నారా? ఇది తీవ్రమైన విషయం." వెంటనే చెంచయ్యని పిలిచారు. "గాజులవారి సందునందు తృప్తి కలిగిన గృహములకూ తృప్తి లేని గృహములకూ మధ్య నీటి మార్పిడి, సంభాషణ, పరస్పర సానుభూతి తక్షణమే నిషేధించడమైనది. రాసుకోండి."

"చిత్తం. సానుభూతిని ఎట్టా కనిపెడతామండీ?"

"ముఖకవళికలను బట్టి."

ఆ శుక్రవారం సందు మధ్యలో సున్నంతో గీత గీశారు. గీతకి అవతల నుంచి మస్తాన్‌బీ, ఇవతల నుంచి సత్యవేణి ఒకరినొకరు చూసుకుని, నవ్వాలో వద్దో తెలియక ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. సత్యవేణి మళ్ళీ బోరింగు దారి పట్టింది. శనివారం సాయంత్రం పెట్టె దించి, చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. కోదండపాణి మంచం మీద కూర్చుని ఆ మడతల్ని చూశాడు. పండక్కి ఊరెళ్ళేటప్పుడు సర్దే రకం కాదది. చలికాలం శాలువా కూడా పెట్టెలో పెట్టింది. ఇప్పుడింకా ఎండలే పోలేదు.

ఆదివారం పొద్దున్నే కమిషనర్ గారి బంగళాకి పరుగెత్తాడు. సెలవు రోజైనా ఆయన పనిలోనే ఉన్నారు. రాజధాని నుంచి ఒక పరిశీలక బృందం వస్తోంది. సాక్ష్యాధారిత పాలనలో మొదటి స్థానం వచ్చిన మున్సిపాలిటీకి షీల్డు ఇస్తారు. ఆ షీల్డు ఎక్కడ పెట్టాలో గోడని కొలుచుకుంటున్నారు.

"సార్, ఆ బృందంలో లెక్కలు తెలిసినవాళ్ళు ఉంటారాండీ?"

"ఇద్దరు ఆచార్యులు ఉన్నారు. ఏం?"

"వాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ షరతు గురించేనండి. మాటలు మాన్పించినంత మాత్రాన ఇళ్ళు విడివిడి కావండి. కింద పైపు ఒకటే. అది పగిలితే పదీ పోతాయి, బాగుంటే పదీ వస్తాయి. పైపు ఒకటిగా ఉన్నంతకాలం మన సూత్రం అక్కడ చెల్లదండి. చెల్లని సూత్రంతో అర్జీలు కొట్టేశామని వాళ్ళు రాస్తే..."

ప్రభంజనరావు గారి చేతిలో టేపు చటుక్కున ముడుచుకుపోయింది. "ఏమి చేసిన యెడల చెల్లును?"

కోదండపాణి అబద్ధం ఆడే మనిషి కాదు. ఇప్పుడూ ఆడలేదు. నిజమే చెప్పాడు. "పదిళ్ళకీ పెద్ద పైపు నుంచి పది వేరు వేరు పైపులు వేస్తే చెల్లుతుందండి."

కమిషనర్ గారు కళ్ళు చిన్నవి చేసి చూశారు. "ఇది నీళ్ళ కోసం అడుగుతున్నారా?"

"కాదండి. సూత్రం కోసం."

"అలాగైతే సరే. నీళ్ళ కోసమైతే నిధులు లేవు."

అప్పటికప్పుడు ఆదేశాలు వెళ్ళాయి. మధ్యాహ్నానికల్లా సందులో గునపాలు దిగాయి. బస్సుకి బయలుదేరబోతున్న సత్యవేణి పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నాలుగడుగుల లోతు తవ్వారు, పది గొట్టాలు వరసగా పరిచారు. ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా మధ్యలో ఇటుక పేర్చారు కూడా. వారం తిరక్కుండా పది కుళాయిల్లోనూ నీళ్ళు దబదబా పడ్డాయి. గీత మీద మట్టి పడి సున్నం మాసిపోయింది. మస్తాన్‌బీ సేమ్యా పాయసం చేసి ఇటుపక్క ఇళ్ళకీ పంచింది.

"ఎట్టైతేనేం, మీ లెక్క మంచిదేనండీ" అంది సత్యవేణి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో లెక్కల గురించి ఆవిడ నోట మంచి మాట రావడం అదే మొదలు. కోదండపాణి మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు పరిశీలక బృందం కోసం సందులో మళ్ళీ సర్వే జరిగింది. సూత్రం చెల్లే సందు ఊరంతటికీ అదొక్కటే గనక, చూపించడానికి దాన్నే ఎంచారు. చెంచయ్య ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. పదిళ్ళవాళ్ళూ తృప్తిగా ఉన్నామన్నారు. ఆ ముక్క రాసుకుని వచ్చి కమిషనర్ గారి ముందు పెట్టాడు. ఆయన చదివి, కోదండపాణిని పిలిపించారు.

"పదికి పదీనా?"

"అవునండి" అన్నాడు కోదండపాణి నవ్వు దాచుకోలేక.

"దీనికి సంభావ్యత ఎంత?"

కోదండపాణి నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ సంగతి ఆయన ఆలోచించనే లేదు. సున్నా పాయింట్ ఏడు, పవర్ పది. లోలోపలే వేసుకున్నాడు.

"రెండు... రెండు పైచిలుకండి. నూటికి మూడు కూడా లేదు."

"అయిదుకన్నా తక్కువ."

"తక్కువేనండి. కానీ నీళ్ళు వస్తున్నాయండి. పొద్దున్న నేను స్నానం చేసి..."

"కోదండపాణి గారూ" అన్నారు కమిషనర్ గారు శాంతంగా. "మీ సందులో నీళ్ళు రాకపోవుట ఎట్లు జరగలేదో, వచ్చుటయూ అట్లే జరగలేదు. శాస్త్రమునకు అందరూ సమానమే. ఆ ఆచార్యులు ఇది చూచిన యెడల మనం అంకెలు వండినట్లు రాస్తారు. తొమ్మిది ఇళ్ళైతే?"

"తొమ్మిదైతే... నూటికి పదిహేనండి."

"కాబట్టి ఒక ఇంటి కుళాయి కట్టివేయవలెను. ఏ ఇల్లో నేను చెప్పనక్కర్లేదు. అధికారి గృహం ఆదర్శప్రాయంగా ఉండవలెను. చెంచయ్యా, ఫిట్టరును తీసుకుని వీరి వెంట వెళ్ళు."

"చిత్తం" అన్నాడు చెంచయ్య. ఈసారి సందేహం అడగలేదు.

దారి పొడవునా కోదండపాణికి ఒకటే ఆలోచన. ఇంట్లో ఏమని చెప్పాలి? ఆ రోజు చెప్పిన పది లక్షల్లో ఆరే నయం. దానికి కనీసం అంకె పెద్దది. చెంచయ్య పక్కనే నడిచాడు. వెనకాల ఫిట్టరు రెంచి ఊపుకుంటూ వస్తున్నాడు.

సత్యవేణి పెరట్లో కుళాయి కింద గిన్నెలు తోముతోంది. ముగ్గుర్నీ, రెంచినీ చూసింది. కోదండపాణి విషయం చెప్పాడు. తొమ్మిది గురించి, పదిహేను గురించి, ఆచార్యుల గురించి అన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ మాట సన్నబడింది.

ఆవిడ చేతులు కడుక్కుంది. కుళాయి ఆపింది. కొంగుతో తుడుచుకుంటూ చెంచయ్య వైపు తిరిగింది.

"మీకు కావాల్సింది ఏంటి బాబాయి గారూ? కుళాయి కట్టెయ్యటమా, తృప్తి లేని ఇల్లు ఒకటి చూపించటమా?"

చెంచయ్య ఆలోచించాడు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఒక రూలు గురించి ఆయన నిజంగా ఆలోచించడం అదే మొదలేమో. "రూలు ప్రకారమైతే తృప్తి లేని ఇల్లు చాలమ్మా. కుళాయి సంగతి అందులో లేదు."

"అయితే రాసుకోండి. ఈ ఇంట్లో నాకు తృప్తి లేదు."

చెంచయ్య కాగితం తీశాడు. రాయబోతూ ఆగాడు. "నీళ్ళు వస్తున్నాయి కదమ్మా. ఎందుకు లేదో ఒక్క ముక్క చెబితే, రేపు ఎవరన్నా అడిగినా..."

"నీళ్ళ గురించి కాదు బాబాయి గారూ. నేను రెండు వీధుల అవతల నుంచి బిందెలు మోసుకొచ్చి ఈయన ముందే దింపాను. నడుం పట్టుకుని నిలబడ్డాను. ఈయన నన్ను చూశారు. చూసి, నీళ్ళు రావట్లేదన్న నా మాట నిజమా కాదా అని కాగితం మీద లెక్క వేశారు. నా మాట పది లక్షల్లో ఆరు వంతులే నమ్మారు. అందుకు లేదు తృప్తి. అంతే, ఇంకేం లేదు."

సంతకం చేసి, మళ్ళీ కుళాయి తిప్పి గిన్నెల ముందు కూర్చుంది.

ఫిట్టరు రెంచిని సంచిలో పెట్టుకున్నాడు. చెంచయ్య కాగితాన్ని కోదండపాణి చేతికిచ్చాడు. ఏ జవాబుకైనా కింద సంభావ్యతాధికారి పరిశీలించి, నమ్మదగినదో కాదో అంకెతో సహా రాసి సంతకం చెయ్యాలి. అది రూలు.

కోదండపాణి పెన్ను తీశాడు. ఒక మనిషి, ఒక్క జవాబు, నూటికి ముప్ఫై. కళ్ళు మూసుకుని చెప్పగల లెక్క. అంకె రాసే గడిలోకి పెన్ను వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత ఆ గడిని అలాగే ఖాళీగా వదిలేసి, కింద 'నిజమే' అని రాసి సంతకం చేశాడు.